కొత్తలంక పైన ఉన్నంతకాలం

మాఘ అమావాస్య

ఈ ఏడు కూడా నేల మీద నిలబడ్డాను. మడమలు మునిగేటంత నీళ్ళున్నాయి. అయినా అడుగున గట్టిగా తగిలింది కాబట్టి నిలబడ్డాననే రాస్తున్నాను.

ఏడాదిలో సముద్రం బాగా వెనక్కి తగ్గేది ఈ అమావాస్యకే. ఆ పూట మునిగిపోయిన మా ఊరు కొత్తలంక కాలువ లాకు గోడ తల బయటపడేది. నేను మా పక్షానికి నాయకురాలినైన ఏడు ఆ గోడ మీద నలభై కుటుంబాలు దిగాయి. పొయ్యి పెట్టి, పులిహోర కలిపి, పిల్లల్ని ఆ చివర నుంచి ఈ చివరకు పరిగెత్తించాం. కొన్నేళ్ళకు పొయ్యి మానేశాం. ఆ తర్వాత పరుగు మానేశాం. ఈసారి ముగ్గురం ఒకరి భుజం ఒకరు పట్టుకుని నిలబడితే నాలుగో మనిషికి చోటు లేదు. చోటున్నా నాలుగో మనిషి లేడు. సభలో మా లంగరు పక్షం బలం ముగ్గురే. నేను, గుబ్బల రాంపండు, నూకరత్నం.

రాంపండు దిగగానే ప్రతి ఏడూ ఒకే మాట అంటాడు, పోయినేటి కంటే నేల పైకొచ్చిందని. ఈ ఏడు అనలేదు. నాచు మీద కాలు జారితే నా చెయ్యి పట్టుకుని ఆగాడు, నాచు ఎక్కువైందని గొణిగాడు, అంతే. నూకరత్నం చంటిపిల్లని చంకనేసుకుని దిగి, మొహం అదోలా పెట్టి, వెంటనే పడవెక్కేసింది. తను పంటు మీదే, అంటే మేమంతా గుడిసెలు వేసుకుని బతికే తేలే బల్లకట్టు మీదే పుట్టింది. కదలని చోట నిలబడితే తనకు కళ్ళు తిరుగుతాయి.

నేను కళ్ళు మూసుకుని నిలబడ్డాను. నీళ్ళొచ్చేవరకు, అంటే నా తొమ్మిదో ఏటి వరకు, నేను నడిచింది ఈ గట్టు మీదే. ఎండాకాలంలో అరికాలికి దుమ్ము వెచ్చగా తగిలేది. నాట్ల రోజుల్లో బురద వేళ్ళ సందుల్లోంచి పైకొచ్చేది. ఆ బురద మీద నాకింకా మమకారం చావలేదు. ఒక్కసారి కాలికి అంటుతుందంటే ఉన్నదంతా ఇచ్చేస్తాను. ఉన్నదల్లా బాతులే అనుకోండి, అది వేరే సంగతి.

రాంపండు "నీరు లేత్తందండి, ఇంక ఎల్దాం" అన్నాడు. కళ్ళు తెరిచేసరికి మోకాలి దాకా వచ్చింది.

ఫాల్గుణ శుద్ధ విదియ

పొద్దున్నే సోలార్ రేకుల మీద పేరుకున్న ఉప్పు తుడిచాను. మంచినీళ్ళు తీసే పొరని కడిగి ఆరేశాను. బాతులకు నాచుపిండి వేస్తే తిని, చాల్లేదని నన్ను తిట్టాయి. మా ఓటర్లు తిట్టడం కూడా మానేశారు, అదీ నా బాధ.

పోటు ఎంత లేస్తుందో చెప్పే పెట్టె తెల్లవారగానే మోగింది. నిన్నటి కంటే ఎక్కువే చెప్పింది. పోటు పూర్తిగా వచ్చేసరికి వంటింటి ఈశాన్యం మూల కాస్త కిందికి ఒరిగింది. పొయ్యి గట్టు మీది పప్పుగిన్నె ఎవరో తోసినట్టు మెల్లగా నా వైపు జరిగింది. చేత్తో ఆపి, కింద చెక్కముక్క పెట్టి, సభకు వెళ్ళాను.

అధికార పక్షం చేసే పనులన్నిటికీ సభలో రికార్డు ఉంటుంది. ఓడిపోయిన మాటలకు ఉండేది ఈ దినచర్య పుస్తకం ఒక్కటే. తర్వాత వచ్చే నాయకుడు చదువుకుంటాడని దీన్ని రాయడం మా ఆచారం. నాకు ముందున్నాయన ఎక్కువగా తన కీళ్ళ నొప్పుల గురించి రాశాడు. నేను కాస్త నయం.

ఈవేళ పెమ్మాడి సామేలు గారు గొలుసుల బిల్లు పెట్టారు. ఇరవై ఆరేళ్ళుగా అధికార పక్షానికి ఆయన నాయకుడు, ఓడిపోయేవాళ్ళకు నేను నాయకురాలిని. మా పంట్లన్నీ అడుగున పాతిన ఇనప దిమ్మలకు గొలుసులతో కట్టి ఉన్నాయి. సముద్రం ఏటేటా లేస్తోంది, గొలుసు లేవదు. ఒకప్పుడు పోటులో కూడా పాములా వేలాడిన గొలుసు ఇప్పుడు కర్రలా బిగుసుకుంటోంది. పంటు పైకి తేలాలనుకుంటే గొలుసు కిందికి పట్టి ఉంచుతోంది. పొడిగిద్దామంటే ఇనుము లేదు, ఆ లోతుకు దిగగలిగే మనుషులూ లేరు. అందుకని వైశాఖ పౌర్ణమి లోపల గొలుసులన్నీ వదిలేసి, ఈ నెలల్లో నీటివాలు ఉత్తరానికి ఉంటుంది కాబట్టి దాని వెంట వెళ్ళి, కొండల చాటున ఆగుదామని బిల్లు. కొండవాళ్ళు కింద నీళ్ళలో ఉండనిస్తామన్నారట. పైకి ఎక్కాలంటే మాత్రం వాళ్ళ అనుమతి కావాలి. నేలను రోజూ చూస్తూ ఎక్కకుండా బతకాలన్నమాట.

సామేలు గారు బిల్లు చదువుతూ, గొలుసు వదలడం అన్న చోట కాగితం ఒకసారి దించి మళ్ళీ ఎత్తారు. పోయిన కార్తీకం గాలివానలో ఆయన పంటు ఇలాగే లేవలేక మునిగింది. భార్య మార్తమ్మ గారు పోయారు. గొలుసు కొక్కెం ఇరుక్కుపోయి వదల్లేకపోయారని విన్నాం.

ఫాల్గుణ పౌర్ణమి

ఈవేళ నేను మాట్లాడాను, ఆయన అప్పజెప్పారు.

అప్పజెప్పడం అంటే ఇది. పంటు మీద గొలుసు వదలాల్సినప్పుడు చుక్కాని దగ్గరుండే సరంగు మాట ఇస్తాడు. గొలుసు దగ్గరుండే కళాసీ ఆ మాటను తిరిగి అప్పజెప్పాకే వదలాలి. అప్పజెప్పకపోతే వదలకూడదు, సరంగు రెండోసారి అడగకూడదు. నీళ్ళొచ్చిన తొలి ఏళ్ళలో కంగారులో వదిలేసి చాలామంది పోయారు, అందుకని పెట్టుకున్న పద్ధతి. అదే సభలోకీ వచ్చింది. ఓటుకు ముందు అధికార పక్షం నాయకుడు మా వాదనను తన నోటితో చెప్పాలి. మేము "అదే" అనేవరకు ఓటు లేదు. ఎన్నిసార్లు "కాదు" అనొచ్చో నియమం లేదు. సరిగ్గా చెప్పినా అబద్ధంగా "కాదు" అనేవాళ్ళు పుడతారని ఆ పెద్దలకు తోచలేదు.

నేను ఎప్పుడూ చెప్పేదే చెప్పాను. సామేలు గారు లేచి, మీసం దువ్వుకుని, నీరు ఎప్పటికైనా తగ్గుతుందనీ, తగ్గిన రోజున మనం ఇక్కడ లేకపోతే వేరెవరో వచ్చి మన నేల మీద దిగుతారనీ, అందుకే కదలకూడదనీ నా మాటను చక్కగా అప్పజెప్పారు. అక్షరం పొల్లుపోలేదు. ఇరవై ఆరేళ్ళుగా నేను అంటున్నది అదే. "అదే" అనడానికి నోరు తెరిచాను.

"కాదండి" అని వచ్చింది.

సభ అంతా నా వైపు తిరిగింది. అందరికంటే ఎక్కువగా నేనే ఆశ్చర్యపోయాను. మొన్న లాకు గోడ మీద మడమల చుట్టూ తిరిగిన నీళ్ళు గుర్తొచ్చాయి. నీరు తగ్గుతుందని నేను నమ్మడం లేదు. ఎప్పుడు మానేశానో కూడా తెలియదు. మరి మీ మాటేంటో చెప్పండమ్మా అని స్పీకరు అడిగితే గడువు కావాలన్నాను.

తిరిగొచ్చేటప్పుడు పడవలో రాంపండు మొహం వెలిగిపోతోంది. నేనేదో ఎత్తు వేశాననుకున్నాడు పాపం.

"భలే పట్టు పట్టారండి. ఇలా కాదంటా కూకోండి చాలు. వైశాఖ పున్నమి దాటితే నీటివాలు తిరిగిపోద్ది. ఈ యేడికి ఎవుడూ కదల్లేడు."

నేను తెడ్డు వేస్తూనే ఉన్నాను. అంతవరకు నాకు ఆ ఆలోచన లేదు. ఇంటికి చేరేసరికి వచ్చేసింది.

ఉగాది

పచ్చడికి వేపపువ్వు కొండవాళ్ళ పడవ తెచ్చింది. పిడికెడు పువ్వుకు బాతుగుడ్లు బుట్టెడు పట్టుకుపోయారు. ఉత్తరానికి వెళ్ళి వీళ్ళ పక్కన ఉండాలట, చూడండి.

నూకరత్నం పిల్లని తీసుకుని వచ్చింది. పచ్చడి నాకించి, మా పంటు మీదే ఉన్న తన గుడిసెకు తీసుకెళ్ళి ఉయ్యాల చూపించింది. దూలానికి కట్టిన ఉయ్యాల పోటు సమయంలో గోడకు కొట్టుకుంటోందట. రెండుసార్లు పిల్ల తలకు తగిలిందట. ఉయ్యాల నిటారుగానే వేలాడుతుంది, పంటే ఒరిగిపోతోంది. నేను చెక్కముక్క పెట్టుకోమని సలహా ఇవ్వబోయి నాకే సిగ్గేసి ఊరుకున్నాను.

కాసేపు అదీ ఇదీ మాట్లాడి, ఓటు సామేలు గారి వైపు వేస్తానని చెప్పింది. చెప్పకుండా వేసెయ్యొచ్చు. వచ్చి చెప్పింది, అదీ నూకరత్నం.

వాళ్ళ అమ్మమ్మ ఈ పక్షం కోసం ఎంత తిరిగిందో గుర్తు చేశాను. కొత్తలంకను వదిలేస్తావా అని కూడా అడిగాను. అడిగేటప్పుడు నా గొంతులో నాయకురాలే ఉంది, మంగతాయారనే నేను లేను.

"నాకు కొత్తలంకంటే ఈ పంటేనండి. బోర్డు మీద రాసుందిగా. మీరు కళ్ళు మూసుకుని నేల, నేల అంటుంటే నాకేం గుర్తు రావాలో తెలీదండి. మీ మొహం చూసి, అదేదో మంచిదే అయ్యుంటదనుకుంటాను."

ఆ బోర్డు రాయించింది నేనే. నేను గెలిచిన ఓటు నా మొత్తం జీవితంలో అదొక్కటే. పంట్లకు నంబర్లు పెడతామంటే కాదు, అడుగున మునిగిన ఊళ్ళ పేర్లు పెట్టాలన్నాను. ఒక్క ఓటు తేడాతో నెగ్గింది. మా సభలో ఓటుకు తెడ్డెత్తుతాం, ఆ ఒక్క తెడ్డూ సామేలు గారిది. తన పక్షం కూర్చునే ఉండగా ఆయనొక్కరే నా వైపు ఎత్తారు. ఎందుకని ఆరోజు అడిగితే నవ్వి ఊరుకున్నారు.

ఊళ్ళు మర్చిపోకూడదని పేర్లు పెట్టించాను. పుట్టినవాళ్ళకు పంటే ఊరైపోయింది. చేసుకున్నవారికి చేసుకున్నంత.

చైత్ర శుద్ధ అష్టమి

ఈ నడుమ పోటు పెట్టె రోజూ ముక్కున వేలేసుకునే అంకెలు చెబుతోంది. పప్పుగిన్నె కింద చెక్కలు మూడయ్యాయి.

సభలో కుర్ర సభ్యులకు ఓపిక పోయింది. సామేలు గారి వెనక కూర్చునే ఒకతను లేచి, మనిషి అప్పజెప్పడం ఎందుకు, నా దగ్గర గొంతు పట్టే పెట్టె ఉందిగా అన్నాడు. నా ప్రసంగం మొత్తం నా గొంతుతోనే వినిపించాడు. ఇది మీరన్నదే కదా అని నిలదీశాడు. నేను లేచేలోపల సామేలు గారే తన కుర్రాణ్ణి కూర్చోబెట్టారు. పెట్టె విన్నా మనం విన్నట్టు కాదని చెప్పారు. నా పరువు నా ప్రత్యర్థి కాపాడటం ఇది మొదటిసారి కాదు.

తర్వాత ఆయనే లేచారు. ఈసారి మీసం దువ్వుకోలేదు. నన్ను చూడకుండా, కిటికీలోంచి నీళ్ళ వైపు చూస్తూ చెప్పారు.

"నీరు తగ్గదని తాయారు గారికి తెలుసండి. అయినా ఎల్లొద్దంటన్నారు. ఎందుకంటే, మనం పైనున్నంతకాలం కింద ఊరుంది. ఇదిగో ఇక్కడ లాకు, అల్లక్కడ బడి, అని వేలెట్టి చూపిత్తాం. మనం ఎల్లిపోయిన్నాడు కింద సముద్రమే. ఊరు మునిగింది ఆరోజు కాదు, మనం ఎల్లిన రోజు మునుగుద్ది. ఇదేనాండి మీ మాట?"

అదే నా మాట. ఇన్నేళ్ళ ప్రసంగాల్లో ఒక్కసారి కూడా నేను అనలేకపోయిన నా మాట. లేచి వెళ్ళి ఆయన చేతులు పట్టుకోవాలనిపించింది.

ఆ మాటకు "అదే" అంటే ఓటు. ఓటంటే గొలుసులు పోతాయి. పున్నమి దాటేవరకు ఆపగలిగితే ఇంకో ఏడాది. ఇంకో మాఘ అమావాస్య. అరికాళ్ళకు ఇంకొక్కసారి.

"కాదండి" అన్నాను.

రాంపండు బల్ల చరిచాడు. స్పీకరు వాయిదా వేశాడు. సామేలు గారు నా వైపు తిరిగి కాసేపు చూశారు. కోపం లేదు. కోపమున్నా బాగుండేది. సరేనండి, మళ్ళీ చెబుతాను అని కండువా దులుపుకుని వెళ్ళిపోయారు.

నా తర్వాత వచ్చేవాళ్ళు చదువుతారు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఈవేళ నేను సభలో అబద్ధమాడాను. నేల మీద ఆశ అంతపని చేయించింది.

చైత్ర పౌర్ణమి

పొద్దుటి పోటుకు బాతుల గూడు మునిగింది. పైకి ఎగరగలిగినవి ఎగిరాయి. గుడ్ల మీద కూర్చున్నవి కదల్లేదు, వాటిని చేత్తో లాగేసరికి నాలుగు పోయాయి. వంటింట్లో మోకాలెత్తు నీళ్ళు. ఈశాన్యం మూల పూర్తిగా కిందికి పోయింది. పప్పుగిన్నె ఎటు పోయిందో కూడా చూడలేదు.

బకెట్టుతో తోడుతున్నాను. ఇంకో బకెట్టు చప్పుడైంది. తలెత్తితే సామేలు గారు. లుంగీ ఎగ్గట్టి, ఎప్పుడొచ్చారో, తోడేస్తున్నారు. పోటు తగ్గేవరకు ఇద్దరం తోడుతూనే ఉన్నాం. అరవై దాటిన ఇద్దరు నాయకులు చేసిన పనుల్లో ఫలితం కంటికి కనబడింది ఇదొక్కటేనేమో.

తర్వాత గడప మీద కూర్చుని చెరో గ్లాసు టీ తాగాం. పాలు లేని టీ. ఆయనే మొదలుపెట్టారు.

"ఆరోజు నేను సరిగ్గానే సెప్పానండి."

నేను గ్లాసులోకి చూస్తూ, అవునన్నాను.

"ఆ మాట నాది కాదండి. మా మార్తమ్మది. తన ఓటు ఏనాడూ నాకు పడలేదు. మీకే. ఇంట్లో అన్నం పెడతా రోజూ ఇదే వాదించేది. తాయారు గారు సభలో సరిగ్గా సెప్పలేకపోతన్నారు, నేనైతే ఇలా సెబుదును అని మరీ సెప్పేది."

పంట్ల పేర్ల రోజున ఆయన తెడ్డు ఎందుకు లేచిందో ఇప్పుడు తెలిసింది. నాకు ఏడుపూ నవ్వూ రెండూ వచ్చాయి. ఇరవై ఆరేళ్ళు నేను వెతుక్కున్న మాట ప్రత్యర్థి ఇంటి వంటగదిలో ఉంది.

ఆయన గ్లాసు కింద పెట్టారు. ఆ తర్వాత చెప్పింది ఇప్పటివరకు ఎవరికీ చెప్పలేదన్నారు. కార్తీకం గాలివానలో ఆయన చుక్కాని దగ్గర, ఆమె గొలుసు దగ్గర ఉన్నారు. నీరు తన్నుకొస్తోంది. కొక్కెం ఇరుక్కోలేదు. అందరికీ అలా చెప్పింది ఆమె పరువు కోసం.

"వదులు అని కేకేశాను. తనకి ఇనపడింది. నా వైపు సూసింది కూడా. అప్పజెప్పలేదండి. రెండోసారి అడగకూడదు కదా, నేను అడగలేదు. పంటు మునిగాక నేను తేలాను. తను తేల్లేదు."

నియమం పక్కన పెట్టి రెండోసారి ఎందుకు అడగలేదని నేను అనలేదు. ఆ ప్రశ్న ఆయన రోజూ వేసుకుంటున్నారని మొహం చూస్తే తెలుస్తోంది. మన పిచ్చి అది. సభలో అయినా గొలుసు దగ్గరైనా, తిరిగి చెప్పేవరకు ఆగుతాం.

వెళ్ళేటప్పుడు బిల్లు గురించి ఒక్క ముక్క ఎత్తలేదు. మిగిలిన బాతుల్ని తన పడవలో వేసుకుని, ఇంకా ఒరగని పంటు ఒకదాని మీద కట్టేస్తానని తీసుకెళ్ళారు.

చైత్ర బహుళ తదియ

సభ. సామేలు గారు లేచి అదే మాట అప్పజెప్పారు. మనం పైనున్నంతకాలం కింద ఊరుంది, మనం ఎల్లిన రోజు మునుగుద్ది. ఒక్క పదం మార్చలేదు. మెరుగులు పెట్టలేదు. మార్తమ్మ గారు ఎలా అనేవారో అలాగే అన్నారని ఇప్పుడు నాకు తెలుసు. ఇదేనాండి మీ మాట అని అడిగారు.

రాంపండు బల్ల కింద నుంచి నా కొంగు లాగాడు.

"అదే" అన్నాను.

అక్కడితో కూర్చోలేదు. పోయినసారి కూడా అదేనని, నేను కాదన్నది అబద్ధమని సభకు చెప్పాను. అధికార పక్షం వెనక వరసలో ఉన్న ముసలాయన ఒకరు తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. ఆయనది మా పక్కవీధి, అంటే కింద ఉన్న వీధి.

ఓటు పెట్టారు. తెడ్లు లేచాయి. నూకరత్నం తెడ్డెత్తేముందు నా వైపు చూసింది. ఎత్తమని తల ఊపాను. వ్యతిరేకంగా రెండే లేచాయి, నాదీ రాంపండుదీ. గెలుస్తుందని కాదు, అది మా మాట కాబట్టి ఎత్తాను. ప్రతిపక్షం పని అంతే కదా.

సామేలు గారు గెలిచినవాడిలా లేరు. తెడ్డు కింద పెట్టడం మర్చిపోయి, అలాగే పట్టుకుని నిలబడ్డారు.

రాంపండు పడవలో నాకు వీపు పెట్టి తెడ్డు వేశాడు. రేవు దగ్గర దిగాక మాత్రం, ఆ మాట ముందే చెప్పుంటే ఇంకో పది ఓట్లు వచ్చేవన్నాడు. నిజమే, వచ్చేవి.

వైశాఖ శుద్ధ పంచమి

తెల్లవారినప్పటి నుంచి గొలుసులు వదులుతున్నారు. ఒక పంటు తర్వాత ఒక పంటు. ప్రతి దాని మీదా సరంగు కేక, కళాసీ అప్పజెప్పడం, ఆ వెంటనే గొలుసు తోక నీళ్ళలోకి జారిన చప్పుడు. వదిలినవి ఒకదానికొకటి తాళ్ళతో కట్టుకుంటూ ఉత్తరం వైపు వరస కడుతున్నాయి. పిల్లలు ఒక పంటు నుంచి ఇంకోదానికి గెంతుతూ పండగ చేసుకుంటున్నారు.

మా కొత్తలంక పంటు చివరిది. మేమే చివర వస్తామని అడిగాం, ఒప్పుకున్నారు. ప్రతిపక్షానికి ఆఖరి మాట ఇవ్వడంలో వాళ్ళెప్పుడూ లోటు చేయలేదు.

మా సరంగు ముసలివాడు, చూపు ఆనదు. అందుకని చుక్కాని పట్టడానికి సామేలు గారు వచ్చారు. గొలుసు దగ్గర ఎవరుంటారని అడిగారు. రాంపండు ముందుకొచ్చి, కొక్కెం మీద చెయ్యి వేసి, మళ్ళీ తీసేశాడు. నేను ఉంటానన్నాను. సామేలు గారు నా మొహం చూసి చుక్కాని వైపు నడిచారు.

కొక్కెం దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాను. గొలుసు కర్రలా నిటారుగా నీళ్ళలోకి దిగిపోయి ఉంది. దాని వెంటే చూపు పోయినంత దూరం చూశాను. పచ్చటి నీళ్ళు తప్ప ఏమీ కనబడలేదు. కనబడకపోయినా నాకు తెలుసు. ఇక్కడ లాకు. లాకు పక్కన కాలువ దిగే మెట్లు. మెట్ల పైన నాట్ల చేను. ఆ చేలో ఒక తొమ్మిదేళ్ళ పిల్ల పరికిణీ ఎగదోపుకుని బురదలో నిలబడి, ఎంత పిలిచినా ఇంటికి రాదు.

"వదలండి" అని వెనక నుంచి సామేలు గారి కేక.

విన్నాను. తిరిగి చూశాను. ఆయన చుక్కాని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డారు. నా నోరు తెరుచుకోలేదు.

కావాలని కాదు. ఆ మాట గొంతులో లేదు. పోటు లేస్తోంది, పంటు మూల కిందికి దిగుతోంది, నా పరికిణీ అంచు, కాదు, చీర కుచ్చిళ్ళు తడుస్తున్నాయి. ఉత్తరాన పంట్లన్నీ మాకోసం ఆగాయి. పిల్లల గోల ఆగింది. ఆయన రెండోసారి అడగలేదు. అడగకూడదు. కార్తీకంలో ఇలాగే నిలబడి ఉంటారు. ఆమె ఇలాగే చూసి ఉంటుంది. మార్తమ్మ గారిని నేను సభలో దూరం నుంచి చూశానే తప్ప ఎప్పుడూ మాట్లాడలేదు. ఈవేళ ఆమె ఎందుకు పలకలేదో నాకు పూర్తిగా తెలిసింది. ఆయన మొహం ఏమవుతోందో కూడా చూశాను. అది ఆమె చూడలేదనుకుంటాను, ఆరోజు వాన.

ఇరవై ఆరేళ్ళు ఆ మనిషి నా మాట అప్పజెప్పాడు. నచ్చని మాటను, తనను ఓడించాలని చూసిన మాటను, ఒక్కసారీ వంకర పెట్టకుండా. నేను ఆయన మాట అప్పజెప్పాల్సింది ఇదొక్కటే.

"వదులుతున్నానండి" అన్నాను.

గట్టిగా అనలేకపోయాను. ఆయనకు వినబడింది. నుదురు చుక్కాని మీద ఆనించి అలా ఉండిపోయారు.

కొక్కెం తీశాను. గొలుసు నా చేతుల్లోంచి జారిపోయింది. ఒక్క కుదుపుతో పంటు పైకి లేచింది. నూకరత్నం గుడిసెలో ఉయ్యాల గోడను వదిలి మధ్యకు వచ్చింది. రాంపండు బోర్డు మీద కొత్తలంక అన్న పేరును కండువాతో తుడుస్తున్నాడు, ఏం చెయ్యాలో తోచక.

నీళ్ళ మీద మేమున్న చోటు కాసేపు నురగతో కనబడింది. తర్వాత చుట్టూ ఉన్న నీళ్ళలో కలిసిపోయింది. వేలు పెట్టి చూపించడానికి ఏమీ మిగల్లేదు. నేను చూపించాలనే చూశాను.

మధ్యాహ్నం పొయ్యి వెలిగించాను. పప్పు పెట్టాను. అలవాటుగా గిన్నె కింద చెక్క పెట్టబోతే అవసరం లేకపోయింది. గట్టు సమంగా ఉంది. ఎన్నో నెలల తర్వాత గిన్నె పెట్టిన చోటే నిలబడి ఉడికింది. దాన్ని చూస్తూ కూర్చున్నాను. నాకది కొంచెం కూడా నచ్చలేదు.